అలంపూర్ జోగులాంబ అమ్మవారి దర్శనం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు, కర్నూలు మధ్య ప్రయాణించేవారిలో చాలామంది అలంపూర్‌ను దారిలో పక్కకు తిరిగి, అరగంటలో దర్శనం ముగించుకుని వెళ్ళిపోయే క్షేత్రంగా చూస్తారు. అమ్మవారి పీఠం, ఆమె పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరుడు, పన్నెండు వందల ఏళ్ళకు పైబడిన రాతి గుడులు, తుంగభద్ర ఇక్కడ ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని మాత్రమే చూసి రావడం సగం యాత్రే అవుతుంది. మొదటిసారి వెళ్ళేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఆ దృష్టితోనే ఇక్కడ ఇస్తున్నాము.

ఈ క్షేత్రం ఎక్కడ ఉంది?

తెలంగాణ రాష్ట్రంలో, తుంగభద్రా నది ఎడమ గట్టున ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతానికి అమ్మవారి పేరు కలిపి జోగులాంబ గద్వాల జిల్లా అని పెట్టారు. అంతకుముందు అలంపూర్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు వస్తుంది. పాలనాపరంగా ఊరు తెలంగాణదే అయినా రాకపోకలకూ వైద్యానికీ వ్యాపారానికీ ఇక్కడి ప్రజలు కర్నూలు మీద ఆధారపడడం ఎప్పటినుంచో ఉన్నదే. యాత్రికులకు కూడా ఆ ఊరే దగ్గరి పెద్ద పట్టణం.

శక్తిపీఠం అంటే ఏమిటి? అలంపూర్‌కు ఆ స్థానం ఎలా వచ్చింది?

దక్షుడు తలపెట్టిన యజ్ఞానికి శివుణ్ణి పిలవకపోగా, పిలవకుండానే వెళ్ళిన కూతురు సతీదేవి ఎదుటే ఆయనను నిందించాడు. ఆ అవమానం భరించలేక ఆమె ప్రాణత్యాగం చేసింది. శివుడు ఆ దేహాన్ని భుజాన వేసుకుని లోకమంతా తిరుగుతూ ఉంటే, సృష్టి స్తంభించిపోతుందని విష్ణువు తన చక్రంతో ఆ దేహాన్ని ఖండించాడనీ, అవయవాలు పడిన చోటల్లా శక్తి వెలసిందనీ పురాణకథ. అలంపూర్‌లో అమ్మవారి పై దవడ దంతాలు పడ్డాయని సంప్రదాయం చెబుతోంది.

పీఠాల సంఖ్య గురించి అన్ని గ్రంథాలూ ఒకే మాట చెప్పవు. తంత్ర గ్రంథాల్లో యాభై ఒకటి ప్రసిద్ధం, దేవీభాగవతంలో నూట ఎనిమిది ఉన్నాయి. తెలుగువారి ఇళ్ళలో నిత్యం చదువుకునేది మాత్రం ఆదిశంకరుల పేరిట ప్రచారంలో ఉన్న అష్టాదశ శక్తిపీఠ స్తోత్రం. లంకలోని శాంకరితో మొదలయ్యే ఆ వరుసలో "అలంపురే జోగులాంబా" అన్నది అయిదవ పేరు, ఆ వెంటనే శ్రీశైల భ్రమరాంబిక వస్తుంది. ఆ పద్దెనిమిదింటిలో తెలుగు నేల మీద ఉన్నవి నాలుగు. అలంపూర్ తెలంగాణలోనూ, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్నాయి. కాబట్టి తెలంగాణలో ఈ స్తోత్రం చెప్పే పీఠం ఇదొక్కటే.

అమ్మవారిది ఉగ్రరూపం అంటారు. పిల్లలతో, గర్భిణులతో వెళ్ళవచ్చా?

తప్పకుండా వెళ్ళవచ్చు. ఈ ప్రశ్న అడిగేవారికి అమ్మవారి రూపం గురించి విన్నది కొంత, ఊహించుకున్నది కొంత ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మూలమూర్తి శవం మీద ఆసీనురాలై, నాలుక చాచి, జుట్టు విరబోసుకుని ఉంటుంది. ఆ జుట్టులో తేలు, బల్లి వంటి జీవులూ ఒక మనిషి కపాలమూ కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని కొందరు కప్ప అంటారు, కొందరు గబ్బిలం అంటారు. అరిగిన రాతిని చూసి తేల్చడం కష్టమే. ఈ జీవులకు ఇక్కడి అర్చకులూ పెద్దలూ చెప్పే అర్థం చాలా ఆలోచింపజేస్తుంది. ఇంట్లో జీవకళ తగ్గినప్పుడు బల్లులు పెరుగుతాయి, ఇంకా క్షీణిస్తే తేళ్ళు చేరతాయి, పాడుబడ్డ కొంపలో గబ్బిలాలు వేలాడతాయి, ఆ ఇంట్లో చావు జరగబోతుందనడానికి గుర్తు కపాలం. ఇంటికి పట్టే ఈ దశలన్నిటినీ అమ్మవారు తన తల మీదికి తీసుకుని, ఇంటిని వాటి నుంచి విడిపిస్తుందని భావన. అందుకే ఆమెను గృహచండి అని పిలుస్తారు. కొత్త ఇంట్లోకి వెళ్ళేవారూ, ఇంట్లో తరచుగా అనారోగ్యమో కలహమో ఉందని బాధపడేవారూ ఈ తల్లిని వెతుక్కుంటూ రావడానికి కారణం ఇదే.

ఈ లెక్కన ఆ రూపంలోని భయానకత భక్తుడి మీద ప్రయోగించేది కాదు, భక్తుడి గడప దగ్గరికి వచ్చే కీడు మీద ప్రయోగించేది. శక్తిని కొలిచే శాక్త సంప్రదాయంలో ఉగ్రమూర్తులందరికీ ఇదే వర్తిస్తుంది. "ఆ గుడికి వెళ్తే ఏదో అవుతుందట" అని భయపెట్టేవారి మాటలకు శాస్త్రంలోనూ ఆచారంలోనూ ఆధారం లేదు. వామాచార క్రియలు, అంటే రహస్యంగా చేసే తాంత్రిక పూజలు, జరుగుతాయన్న పుకార్లు కూడా వినిపిస్తూ ఉంటాయి. సామాన్య యాత్రికుడికి ఇక్కడ కనిపించేది కుంకుమార్చన, అభిషేకం, చండీహోమం, హారతి. మరే దేవాలయంలోనైనా చూసేవే ఇవి.

అమ్మవారి తేజస్సును చల్లబరచడానికి ఆలయం చుట్టూ నీటి గుండం ఏర్పాటు చేశారు. వేసవిలో వెళ్ళినవారికి గర్భాలయం చేరేసరికి ఆ చల్లదనం తెలుస్తుంది.

ఇప్పుడు మనం చూస్తున్న అమ్మవారి గుడి ఎంత పాతది?

గుడి కొత్తది, అమ్మవారు పాతవారు. ఈ తేడా తెలియక కొందరు నిరాశపడతారు, మరికొందరు కొత్త కట్టడాన్నే చాళుక్యుల గుడి అనుకుని ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు.

అమ్మవారి పూర్వాలయం 14వ శతాబ్దంలో, బహమనీ సుల్తానుల కాలంలో జరిగిన దండయాత్రలో ధ్వంసమైందని స్థలచరిత్ర చెబుతోంది. అప్పుడు జోగులాంబ మూర్తినీ, ఆమెతో ఉన్న చండి, ముండి అనే శక్తుల మూర్తులనూ పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరాలయంలోకి తరలించి కాపాడారు. ఆ తరువాత ఆరు వందల ఏళ్ళపాటు అమ్మవారికి తనదంటూ గుడి లేదు. శివాలయంలోనే ఒక పక్కన పూజలు అందుకున్నారు. ఈనాటి యాభై, అరవై ఏళ్ళ వయసువారిలో చిన్నప్పుడు ఆ శివాలయంలోనే అమ్మవారిని దర్శించుకున్నవారు ఎందరో ఉన్నారు.

పూర్వాలయం ఉండేదని గుర్తించిన చోటే కొత్త ఆలయం నిర్మించి, 2005లో మూలమూర్తిని అక్కడ ప్రతిష్ఠించారు. ఆ రకంగా చూస్తే ఈ క్షేత్రంలో అతి పురాతనమైన భక్తికి అతి నూతనమైన కట్టడం నెలవు. ఆరు శతాబ్దాల పాటు గుడి లేకపోయినా పూజ ఆగకపోవడమే ఈ పీఠం చరిత్రలో అన్నిటికంటె గొప్ప విషయమని చెప్పవచ్చు. గోపురాలనూ శిల్పాలనూ మించిన కొనసాగింపు అది.

నవబ్రహ్మ ఆలయాలు అంటే బ్రహ్మదేవుడి గుడులా?

కావు. తొమ్మిదింటిలోనూ ఉన్నది శివుడే. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ, గరుడబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని వాటి పేర్లు. బ్రహ్మ ఇక్కడ శివుని గురించి తపస్సు చేశాడనీ, అందువల్ల స్వామికి బ్రహ్మేశ్వరుడనే పేరు వచ్చిందనీ పురాణకథ. ఇంకొక కథలో రససిద్ధుడనే యోగి వస్తాడు. పాదరసంతో బంగారం చేసే విద్య కోసం ఆయన ఇక్కడ శివుణ్ణి మెప్పించాడనీ, గుడుల పేర్లు ఆ విద్యలో వాడే మూలికల పేర్లేననీ చెబుతారు. అర్క అంటే జిల్లేడు, కుమారి అంటే కలబంద అని తెలిసినవారికి ఆ కథ మరీ ఊహాగానంగా తోచదు.

చరిత్ర వైపు నుంచి చూస్తే ఇవి బాదామి చాళుక్యుల కట్టడాలు. ఏడవ శతాబ్దం నడుమ నుంచి ఎనిమిదవ శతాబ్దం దాకా వరుసగా కట్టారు. స్వర్గబ్రహ్మ ఆలయంలో ద్వారపాలకుని మీద ఉన్న శాసనం, వినయాదిత్యుని పాలనలో (681–696) రాణి గౌరవార్థం లోకాదిత్య ఎళ అరస దాన్ని కట్టించినట్టు చెబుతోంది. వినయాదిత్యుని కుమారుడు విజయాదిత్యుని కాలంలో ఈశానాచార్యుడనే శైవాచార్యుడు ఇక్కడ ప్రాకారం నిర్మింపజేసినట్టు మరొక శాసనం ఉంది. ఈ గుడులు రాజులవి మాత్రమే కావనీ, శైవ గురువుల మఠాలు ఇక్కడ బలంగా ఉండేవనీ దాన్నిబట్టి అర్థమవుతుంది. అలంపూర్ శాసనాలనూ చరిత్రనూ తెలుగు పాఠకుల దగ్గరికి చేర్చినవారిలో ఈ ఊరివారే అయిన పండితులు గడియారం రామకృష్ణశర్మ (1919–2006) ముఖ్యులు.

దక్షిణాదిలో ఉన్నా ఈ గుడుల శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో ఉండడం శిల్పశాస్త్రం తెలిసినవారిని ఆశ్చర్యపరుస్తుంది. తారకబ్రహ్మ ఒక్కటే ద్రావిడ శైలిలో ఉంది. మిగిలినవాటికి కింద నుంచి పైకి వంపు తిరుగుతూ పోయే రేఖానాగర శిఖరం, దాని నెత్తిన ఉసిరికాయ ఆకారపు ఆమలకం ఉంటాయి. గర్భాలయం చుట్టూ లోపలే ప్రదక్షిణ చేసే దారి, ఆ దారికి వెలుగునిచ్చే రాతి జాలీ కిటికీలు మరొక ప్రత్యేకత. ఎండ వాలే వేళ ఆ కిటికీల నుంచి లోపలికి పడే వెలుతురు చూడదగ్గది. స్వర్గబ్రహ్మ గోడల మీద దిక్పాలకులు వారి వారి దిక్కుల్లోనే ఉన్నారా లేదా అని పిల్లల చేత వెతికించండి, ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

తొమ్మిదింటిలో నిత్యపూజ ప్రధానంగా జరిగేది బాలబ్రహ్మకే. తక్కినవి పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న స్మారకాలు.

ముందు అమ్మవారినా, స్వామినా ఎవరిని దర్శించుకోవాలి?

ముందు బాలబ్రహ్మేశ్వరస్వామిని, తరువాత జోగులాంబ అమ్మవారిని దర్శించుకోవడం ఇక్కడి వాడుక. రద్దీ రోజుల్లో వరుస మారినా దోషం ఏమీ లేదు. అయితే అమ్మవారి దర్శనం మాత్రమే చేసుకుని స్వామిని చూడకుండా వెళ్ళడాన్ని పెద్దలు ఒప్పుకోరు, ఎందుకంటే శక్తిపీఠం ఎక్కడున్నా అక్కడ శివసన్నిధి ఉండి తీరుతుందని శాక్తుల నమ్మకం. పైగా ఆరు వందల ఏళ్ళు అమ్మవారికి నీడ ఇచ్చింది ఆ గుడే. బాలబ్రహ్మ ఆలయంలో సప్తమాతృకల మూర్తులు కూడా ఉన్నాయి, వాటిని చూడకుండా రావద్దు.

సంతానం కోసం పూజించే అమ్మవారు ఇక్కడ వేరే ఉన్నారా?

ఉన్నారు. తల స్థానంలో తామరపువ్వు ఉండి, ప్రసవ భంగిమలో కనిపించే ఒక రాతి మూర్తిని ఇక్కడి స్త్రీలు సంతానం కోసం కొలుస్తారు. పండితులు ఈ తరహా మూర్తిని లజ్జాగౌరి అంటారు. చాళుక్యుల నేలలో ఈ మూర్తులు చాలా చోట్ల దొరికాయి. అలంపూర్‌లో దొరికిన ప్రసిద్ధ శిల్పం ఇప్పుడు ఆలయ ప్రాంగణం దగ్గరి పురావస్తు మ్యూజియంలో ఉంది.

ఊరివారి కథ వేరు. జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి రేణుకను నరికినప్పుడు, తెగిన శిరస్సు ఎల్లమ్మగా ఊళ్ళో పూజలందుకుంటుందనీ, మొండెం భూదేవిగా గుడిలో నిలిచి బిడ్డలు లేనివారికి బిడ్డలనిస్తుందనీ వారి నమ్మకం. శిల్పచరిత్రకారులు చెప్పే మాటకూ, ఊరు చెప్పుకునే కథకూ పొంతన కుదర్చాలని ప్రయత్నించనక్కరలేదు. భూమికీ తల్లికీ ఉన్న సంబంధాన్ని రెండూ తమ తమ దారుల్లో చెబుతున్నాయి.

దక్షిణ కాశి అనీ, శ్రీశైలానికి ద్వారమనీ ఎందుకంటారు?

శ్రీశైల క్షేత్రానికి నాలుగు దిక్కుల్లో నాలుగు ద్వారాలున్నాయని సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. పూర్వం కాలినడకన శ్రీశైలం వెళ్ళే యాత్రికులు తాము వచ్చే దిక్కునున్న ద్వార క్షేత్రంలో ఆగి, అక్కడి దేవుణ్ణి కొలిచి, ఆ తరువాతే నల్లమలలోకి అడుగుపెట్టేవారు. కన్నడ దేశం నుంచి వచ్చేవారికి అలంపూరే ఆ మజిలీ.

కాశితో పోలిక నది వల్ల వచ్చింది. కాశిలో గంగ ఉత్తరవాహిని అయినట్టు ఇక్కడ తుంగభద్ర ఉత్తరంగా తిరిగి ప్రవహిస్తుందని, ఒడ్డున ఘట్టాలూ శివాలయాలూ విశాలాక్షి స్థానంలో జోగులాంబా ఉన్నారని చెబుతారు. ఇలా దక్షిణ కాశి అని పేరున్న ఊళ్ళు మన దేశంలో చాలానే ఉన్నాయి కాబట్టి ఆ బిరుదును మరీ పట్టించుకోనక్కరలేదు గాని, శ్రీశైల పశ్చిమద్వారం అన్న హోదా మాత్రం ఈ ఊరి చరిత్రను నిజంగా మలిచింది.

ఏ రోజుల్లో వెళ్ళడం మంచిది?

మాఘ మాసంలో అమ్మవారి వార్షిక బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. శుద్ధ పంచమి, అంటే వసంత పంచమి, వాటిలో ముఖ్యమైన రోజు. ఆశ్వయుజంలో శరన్నవరాత్రులకు తొమ్మిది రోజులూ నవదుర్గల అలంకారాలు చేస్తారు, విజయదశమి సమయంలో నదీహారతి, తెప్పోత్సవం ఉంటాయి. మహాశివరాత్రికి బాలబ్రహ్మేశ్వరుని సన్నిధిలో జాగరణ చేసేవారు చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్ద సంఖ్యలో వస్తారు. ఇవి కాక ప్రతి మంగళవారం, శుక్రవారం, పౌర్ణమి, అమావాస్య తిథుల్లో రద్దీ ఎక్కువ.

పన్నెండేళ్ళకొకసారి, బృహస్పతి మకరరాశిలో ప్రవేశించినప్పుడు తుంగభద్రా పుష్కరాలు వస్తాయి. కిందటిసారి 2020 నవంబరులో కరోనా ఆంక్షల నడుమ జరిగాయి. కృష్ణ కూడా దగ్గరే కాబట్టి కృష్ణా పుష్కరాలకు సైతం ఇక్కడికి యాత్రికులు వస్తారు. 2016 ఆగస్టులో కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి గొందిమళ్ళ ఘాట్‌కు వచ్చినవారిలో అమ్మవారిని దర్శించుకోకుండా వెళ్ళినవారు తక్కువే.

తీరికగా గుడులు చూడాలనుకునేవారు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పండుగలు లేని రోజుల్లో, వారం మధ్యలో రావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో ఎండ చాలా తీవ్రం. నల్లబండల మీద చెప్పులు లేకుండా నడవలేరు.

నిజరూప దర్శనం అంటే ఏమిటి?

మామూలు రోజుల్లో అమ్మవారు పట్టుచీరలో, పూలమాలల్లో, ఆభరణాల్లో ఉంటారు కాబట్టి పైన చెప్పిన లక్షణాలు చాలావరకు కనిపించవు. వసంత పంచమి నాడు వేయి కలశాల నీటితో సహస్ర ఘటాభిషేకం చేసి, అలంకారాలు లేని స్వరూపంతో భక్తులకు దర్శనమిస్తారు. ఏడాదికి ఆ ఒక్కరోజే ఆ అవకాశం. గ్రామాల నుంచి మంగళవాద్యాలతో ఘటాలను ఊరేగింపుగా తీసుకువస్తారు. ఆ రోజు వరుస చాలా పొడుగ్గా ఉంటుంది, నీడ తక్కువ. వృద్ధులూ, చంటిబిడ్డల తల్లులూ మరొక రోజు వస్తే మేలు.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాదు, బెంగళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తా ఉంది. అక్కడి నుంచి ఊరు పది, పదిహేను కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి సుమారు 220 కిలోమీటర్లు, కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే ఆర్టీసీ బస్సు ఎక్కి చౌరస్తాలో దిగితే ఊళ్ళోకి ఆటోలూ బస్సులూ దొరుకుతాయి, అయితే సాయంత్రం పొద్దుపోయాక అవి తగ్గిపోతాయి. కర్నూలు నుంచి నేరుగా అలంపూర్‌కే బస్సులు ఉన్నాయి. రైలులో వచ్చేవారికి కర్నూలు సిటీ, గద్వాల స్టేషన్లు అనుకూలం. ఇదే మార్గంలో జోగులాంబ హాల్ట్ అనే చిన్న స్టేషన్ ఉంది గాని అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు. విమానంలో వచ్చేవారు శంషాబాద్‌లో దిగితే హైదరాబాదు నగరంలోకి పోకుండానే ఈ రహదారి పట్టుకోవచ్చు.

ఊళ్ళో వసతి పరిమితం. రాత్రి ఉండదలచినవారు కర్నూలులో బస చేసి ఉదయాన్నే రావడం సుఖం.

ఎంత సమయం కేటాయించాలి? గుడి వేళలు ఏమిటి?

దర్శనానికే అయితే గంట చాలు. గుడులన్నీ, మ్యూజియం, నది, ఊరి చెంతనున్న పాపనాశి గుడులు కలిపి చూడాలంటే ఒక పూటకు తక్కువ కాకుండా పెట్టుకోవాలి. అమ్మవారి ఆలయం మధ్యాహ్నం కొంతసేపు మూసి ఉంటుంది కాబట్టి ఉదయమే చేరుకుని దర్శనం, అర్చన ముగించుకుని, మూసివేసే సమయంలో నవబ్రహ్మ ఆలయాలు చూడడం తెలివైన పద్ధతి. గ్రహణాలకూ, పర్వదినాలకూ వేళలు మారతాయి. దూరం నుంచి వచ్చేవారు బయలుదేరే ముందు ఆలయ కార్యాలయంతో మాట్లాడి నిర్ధారించుకోవాలి.

అమ్మవారికి ఏ సేవలు చేయించవచ్చు? ఏం సమర్పించాలి?

కుంకుమార్చన అందరూ చేయించుకునేది. శక్తి ఉన్నవారు చండీహోమం చేయిస్తారు. టికెట్లను ఆలయ కౌంటరులోనే తీసుకోవాలి, బయట ఎవరైనా మధ్యవర్తి ప్రత్యేక పూజ చేయిస్తానంటే మర్యాదగా తప్పుకోవాలి. సమర్పణకు పూలు, పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, నిమ్మకాయల దండ, గాజులు, రవికెగుడ్డ చాలు. ఒడిబియ్యం పోసే ఆనవాయితీ ఉన్న ఇళ్ళవారు ఆ సామగ్రిని ఇంటి నుంచే సిద్ధం చేసుకుని రావడం మంచిది.

తుంగభద్రలో స్నానం చేయవచ్చా?

చేయవచ్చు, అయితే నీటిమట్టం చూసి. వేసవిలో నది బాగా తగ్గిపోతుంది, వానాకాలంలో ఎగువ నుంచి నీరు వదిలితే ఒక్కసారిగా పెరుగుతుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో వచ్చిన వరద కర్నూలుతో పాటు అలంపూర్‌ను కూడా ముంచెత్తింది. ఘాట్ మెట్లు దాటి లోతుకు వెళ్ళకూడదు. శ్రీశైలం జలాశయం వెనుకనీటి నుంచి గుడులను కాపాడడానికి నది వైపు ఎత్తైన రాతి కట్టడం నిర్మించారు, దానివల్ల ప్రాంగణం నుంచి నది కనిపించదు. మెట్లెక్కి కట్ట మీదికి వెళ్ళితే తప్ప తుంగభద్ర ఉన్నట్టే తెలియదు కాబట్టి చాలామంది నదిని చూడకుండానే తిరిగిపోతున్నారు.

దుస్తులు, ఫొటోల విషయంలో నియమాలు ఏమైనా ఉన్నాయా?

సంప్రదాయ దుస్తులు ధరించడం ఉచితం. పురుషులకు పంచె లేదా ప్యాంటు చొక్కా, స్త్రీలకు చీర, లంగాఓణీ, చుడీదార్ అన్నీ సరిపోతాయి. గర్భాలయంలో ఫొటోలు తీయకూడదు. నవబ్రహ్మ ఆలయాల బయటి శిల్పాలను తీసుకోవచ్చు, వాటి మీద పసుపు కుంకుమలు పూయడం, పేర్లు రాయడం, నూనె దీపాలు పెట్టడం చేయకూడదు. పన్నెండు వందల ఏళ్ళ రాతికి భక్తితో చేసే హాని కూడా హానే.

పాపనాశి, సంగమేశ్వరం కూడా ఇక్కడే ఉన్నాయా?

ఉన్నాయి, రెండూ ఊరి చెంతనే. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయే స్థితి వచ్చినప్పుడు, దాన్ని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికీ గుర్తు వేసి, తెచ్చి అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. అదీ చాళుక్యుల కట్టడమే. పాపనాశి గుడులను కూడా ఇలాగే తరలించారు. ఇరవైకి పైగా ఉన్న ఈ చిన్న శివాలయాలు నవబ్రహ్మల కంటె తరువాతి కాలానివి, సుమారు తొమ్మిది నుంచి పదకొండవ శతాబ్దం నాటివి, మెట్లు మెట్లుగా పైకి పోయే శిఖరాలతో ఉంటాయి. అక్కడికి వెళ్ళేవారు తక్కువ, అందుకే ప్రశాంతంగా ఉంటుంది. నవబ్రహ్మ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది.

ఇదే ప్రయాణంలో శ్రీశైలం కూడా చూడవచ్చా?

చూడవచ్చు, కాని ఒకే రోజులో పెట్టుకోకండి. స్తోత్రంలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు పీఠాలకూ నడుమ నల్లమల అడవి ఉంది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు పడుతుంది. వన్యప్రాణుల రక్షణ కోసం ఈ అటవీ రహదారిపై రాత్రివేళ వాహనాలను ఆపేస్తారు, కాబట్టి అలంపూర్‌లో ఉదయం దర్శనం చేసుకుని మధ్యాహ్నానికల్లా బయలుదేరితే చీకటి పడేలోగా కొండ ఎక్కవచ్చు, మరునాడు పొద్దున భ్రమరాంబా మల్లికార్జునుల దర్శనం పెట్టుకోవచ్చు. శనివారం, ఆదివారం శ్రీశైలంలో గదులు దొరకడం కష్టం. ముందుగా బుక్ చేసుకున్నాకే అలంపూర్ నుంచి కదలండి.